పాత అంబాసిడర్ ఇంజిన్, ఎస్‌యూ కార్బొరేటర్: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

పాత అంబాసిడర్ దారిలో ఆగిపోతే బానెట్ ఎత్తిన ప్రతివారూ ముందు కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) మీదే చెయ్యి వేస్తారు. ఎదురుగా కనిపించేది, స్క్రూడ్రైవర్‌కి సులువుగా అందేది అదే మరి. మా మార్క్-2 అంబాసిడర్‌ని నాన్నగారి తర్వాత నేను ఇన్నేళ్లుగా నడుపుతున్నాను. ఆ అనుభవంతో గట్టిగా చెబుతున్నాను: కార్బొరేటర్ జోలికి అన్నిటికన్నా చివర్న వెళ్లండి. కార్బొరేటర్ జబ్బు అని మాకు చెప్పినవాటిలో చాలావరకు కరెంటు జబ్బులే.

ఇంజిన్ గురించి రెండు మాటలు. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, ఓవర్‌హెడ్ వాల్వులు. బ్రిటన్‌లో బీఎంసీ కార్ల కంపెనీ వాళ్లు బీ-సిరీస్ అని పిలిచిన ఇంజిన్ ఇదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 అనే బ్రిటిష్ కారు నమూనాగా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌లోకి వచ్చింది. వేగం ఆశించకండి. ఐదుగురిని, డిక్కీ నిండా సామాన్లను ఎక్కించుకుని మూడో గేరులో నిదానంగా లాగేస్తుంది, అందులో దీనికి వంక పెట్టలేం. మాకు లీటరుకు 9, 10 కిలోమీటర్లు వస్తుంది.

ఒక్క లోపం మాత్రం ఇంజిన్ అమరికలోనే ఉంది. పెట్రోలు లోపలికి వెళ్లే దారి, పొగ బయటికి వచ్చే దారి రెండూ హెడ్డుకి (ఇంజిన్ పై భాగానికి) ఒకే పక్కన ఉంటాయి. కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఆ పొగ గొట్టానికి) దగ్గర్లోనే కార్బొరేటర్ కూర్చుని ఉంటుంది. మన కోస్తా ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగినా, టీ తాగడానికి బండి ఆపినా ఆ వేడికి ఫ్లోట్ చాంబర్‌లో (కార్బొరేటర్‌కి ఉండే చిన్న పెట్రోలు తొట్టిలో) పెట్రోలు మరగడం మొదలవుతుంది. పైపుల్లో ఆవిరి పడితే పంపు పెట్రోలు లాగలేదు. పాత డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేది అందుకే. అది ఇప్పటికీ పనిచేస్తుంది. కార్బొరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య ఉండే వేడి పాకనివ్వని దిమ్మ, కింద రేకు ఉన్నాయో లేదో చూసుకోండి. చేతులు మారిన బండ్లలో ఆ రేకు తరచూ మాయమైపోయి ఉంటుంది.

అయితే వేసవిలో ఆగిన ప్రతి బండికీ ఆవిరి కారణం కాదు. ఒక మే నెలలో ఏలూరు దాటాక మా బండి ఉన్నట్టుండి ఆగింది. అరగంట చల్లారాక స్టార్ట్ అయింది, కొంత దూరం వెళ్లి మళ్లీ ఆగింది. చుట్టూ చేరినవాళ్లంతా పెట్రోలు ఆవిరే అన్నారు. దగ్గర్లో ఒక షెడ్డులో చూపిస్తే కార్బొరేటర్ మొత్తం మార్చేయాలని తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే పెట్రోలు అందని ఇంజిన్ ఒక్కసారిగా చావదు. ముందు నీరసపడుతుంది, దగ్గుతుంది, ఎగిరెగిరి పడుతుంది. ఆ సమయంలో చోక్ (పెట్రోలు పాలు పెంచే మీట) లాగితే కాసేపు తేరుకుంటుంది. మాది స్విచ్ కట్టేసినట్టు ఆగింది, చోక్ లాగినా ఫలితం లేదు. ఇంజిన్ చల్లారాక కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి ఇంజిన్ తిప్పితే పెట్రోలు ధారగా దూకింది. ఆ సీసా దూరంగా పెట్టేసి, పైపు బిగించి, తర్వాత ప్లగ్గు తీసి స్పార్క్ చూశాం. నీలంగా టప్పున రావలసిన నిప్పురవ్వ పసుపుపచ్చగా, బలం లేకుండా ఉంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు వంతులవారీగా పంచేది) మూత తీస్తే, కాయిల్ కరెంటుని కలిపి తెంచే పాయింట్ల మధ్య మెరుపులు కనిపించాయి. ఆ మెరుపులు రాకుండా ఆపే కండెన్సర్ పోయింది. వేడెక్కితే పనిచేయడం మానేసి, చల్లారితే మళ్లీ పనిచేసే రకం. అందుకే అచ్చం ఆవిరి సమస్యలాగే అనిపించింది. గ్లవ్ బాక్సులో ఉన్న కొత్త కండెన్సర్ వేసి రాజమండ్రి చేరాం.

స్పార్క్‌కి కావలసిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసే ఇగ్నిషన్ కాయిల్ కూడా సరిగ్గా ఇలాగే వేషం వేస్తుంది, చల్లగా ఉన్నప్పుడు ఏ తప్పూ కనిపించదు. వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తేమ పట్టి, సన్నటి నల్లగీత పడి, ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది. పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్గుల గ్యాప్ 25 థౌ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకుల సెట్టు) ఒకటి కొనుక్కుని ఇవి మీరే చూసుకోవచ్చు. ఎన్నిసార్లు సరిచేసినా పాయింట్ల గ్యాప్ నిలవకపోతే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. అది తిరిగే బుష్ అరిగితే షాఫ్ట్ ఊగుతుంది. అప్పుడు ఏ కార్బొరేటర్ ట్యూనింగూ ఆ ఇంజిన్‌ని నిలబెట్టలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఈ బండి కార్బొరేటర్ అయిన ఎస్‌యూ దగ్గరికి రండి. దీని తయారీ అంటే నాకు నిజంగా గౌరవం. ఒకే జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం), అందులో దిగే ఒకే నీడిల్ (సూది), గాలి లాగుడుకి పైకి లేచే ఒక పిస్టన్. ఇంజిన్ ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత లేస్తుంది, దానితో పాటు నీడిల్ లేచి అంత పెట్రోలు వదులుతుంది. పద్మినీ కారులో ఉండే సోలెక్స్ కార్బొరేటర్‌లో ఐడ్లింగ్‌కి (బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరగడానికి) ఒక జెట్, పరుగుకి ఒక జెట్. చిన్న నలుసు పడితే ఐడ్లింగ్ పోతుంది, విప్పి గాలి కొట్టాలి. ఎస్‌యూలో ఆ గొడవ లేదు. నాకు ఇది సోలెక్స్ కన్నా చాలా మెరుగు.

దీనికి వచ్చే జబ్బులు కొన్నే. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఒక్క క్షణం ముక్కుతోందంటే ముందు కార్బొరేటర్ పైనున్న మూత విప్పి ఆయిల్ చూడండి. 20 గ్రేడు ఆయిల్ లోపలి బోలు రాడ్ అంచు దాటి అర అంగుళం ఉండాలి. అక్కడ గేర్ ఆయిల్ పోసేవాళ్లున్నారు, అది తప్పు. పిస్టన్ లేవడమే మొరాయిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే ఠక్కుమని కింద పడాలి. ఆ చప్పుడు రాకపోతే లోపల మురికి పట్టిందన్నా అనుకోవాలి, జెట్ మధ్యకి లేక నీడిల్ రాసుకుంటోందన్నా అనుకోవాలి. పిస్టన్‌ని, దాని పై గిన్నెని పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవాలి తప్ప ఎమరీ కాగితం తగలనివ్వకూడదు. ఆ రెండూ జోడీ, వేరే కార్బొరేటర్ గిన్నె దీనికి వాడకూడదు.

నల్లపొగ వస్తోంది, పెట్రోలు విపరీతంగా తాగుతోందంటే చోక్ కేబుల్ చూడండి. ఎస్‌యూలో చోక్ లాగితే జెట్టే కిందికి దిగుతుంది. కేబుల్ బిగుసుకుని జెట్ పూర్తిగా పైకి రాకపోతే బండి ఎప్పుడూ సగం చోక్‌లో నడుస్తున్నట్టే. పెట్రోలు బయటికి పొంగుతుంటే ఫ్లోట్ చాంబర్‌లోకి పెట్రోలు రాకుండా ఆపే ఫ్లోట్ నీడిల్‌లో నలుసు ఉండొచ్చు. అప్పుడు వెంటనే ఇంజిన్ ఆపేయండి, కింద ఎగ్జాస్ట్ కాలుతూ ఉంటుంది.

ఇక ఐడ్లింగ్ ఎంత సరిచేసినా నిలవని బండ్లు. థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్‌తో తిరిగే కార్బొరేటర్ కడ్డీ) అరిగి ఆ సందులోంచి గాలి దూరుతుంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి స్పిండిల్ రెండు చివర్లా కాస్త గ్రీజు పూయండి. ఇంజిన్ చప్పుడు మారిందంటే గాలి అక్కడే దూరుతోంది. బుష్ వేయించాల్సిందే, స్క్రూలు తిప్పి లాభం లేదు.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్రోలుతో వచ్చింది. 2025కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్ మండడానికి పెట్రోలు కన్నా తక్కువ గాలి చాలు. అంటే పాత పెట్రోలుకి కుదిర్చిన కార్బొరేటర్‌లో ఇప్పుడు గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతుంది. మా బండిలో పికప్ తగ్గింది, కార్బొరేటర్‌లోంచి దగ్గు మొదలైంది. ఎస్‌యూ విలువ నాకు ఇక్కడ మళ్లీ తెలిసింది. కొత్త జెట్ వెతుక్కోనక్కర్లేదు. జెట్ కింద ఉన్న ఆరు పలకల నట్టుని ఒక్కో పలక చొప్పున కిందికి తిప్పి, బండి నడిపి, ప్లగ్గు రంగు చూసుకుంటూ వచ్చాను. తెల్లబారి ఉన్న ప్లగ్గులు లేత గోధుమరంగుకి వచ్చాయి, దగ్గు పోయింది.

కానీ రబ్బరు విషయంలో నట్టు తిప్పితే పనవదు. పాత రబ్బరు పైపులు మెత్తబడి లోపల ఊడతాయి, పంపు డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) గట్టిపడి చిల్లులు పడుతుంది. మేం అన్నీ ఇథనాల్ తట్టుకునే రకానివి వేయించాం. ట్యాంకులో ఏళ్లుగా పట్టిన తుప్పు, జిగురు కూడా ఊడి వస్తాయి, కాబట్టి పంపుకి ముందు ఫిల్టర్ తప్పనిసరి. బండి నెలల తరబడి షెడ్డులో ఉంచేవాళ్లు కార్బొరేటర్‌లో పెట్రోలు ఉంచకండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చి నీరు చేస్తుంది.

వాల్వుల సంగతి కూడా చెప్పాలి. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసమే ఈ పాత ఇనుప హెడ్డులో వాల్వు సీట్లని కాపాడేది. ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర వదిలే సందు) నేను 15 థౌ ఉంచుతాను. అది మాటిమాటికీ తగ్గిపోతోందంటే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లోకి దిగిపోతోందని అర్థం. కంప్రెషన్ పడిపోయి, పొద్దున్నే స్టార్టింగ్ కష్టమవుతుంది. దాన్ని కూడా కార్బొరేటర్ ఖాతాలోనే వేస్తారు చాలామంది. గట్టి సీట్లు వేయించడం ఒక్కటే దారి. ఖర్చయినా ఒకసారితో పోతుంది.

కొనాలనుకునేవాళ్లకి: మీరే బానెట్ ఎత్తి చూసుకునే ఓపిక ఉంటే ఈ బండి తీసుకోండి, ప్రతిదానికీ షెడ్డుకి వెళ్లేవాళ్లకి నేను చెప్పను. విడిభాగాలకి విజయవాడ ఆటోనగర్‌లో పాత షాపులు తిరిగితే ఇప్పటికీ దొరుకుతాయి. జెట్, నీడిల్ మాత్రం మీ పాత నీడిల్ మీద ఉన్న గుర్తు చూసి, అదే రకం అడిగి తీసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయని వేరేది అంటగడతారు. ప్రయాణానికి ముందు గ్లవ్ బాక్సులో కండెన్సర్, పాయింట్ల సెట్టు, ఒక డిస్ట్రిబ్యూటర్ రోటర్, ఫీలర్ గేజ్, డిక్కీలో స్పేర్ కాయిల్, పంపు డయాఫ్రమ్, నీళ్ల క్యాను ఉన్నాయో లేదో చూసుకోండి.