బ్రేక్ క్యూ కొనేవారికి హెచ్చరిక: చాక్ రాయకముందే తూకం వేయండి

పాకెట్లున్న బల్ల మీద తొమ్మిది బంతులతో ఆడే నైన్-బాల్‌లో, పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి దెబ్బ, అంటే బ్రేక్ షాట్, సరిగా కుదరనివారు చాలామంది చేసే పొరపాటునే నేనూ చేశాను. చేతిలో ఉన్న లోపానికి మందు అంగట్లో దొరుకుతుందనుకున్నాను. కార్బన్ ఫైబర్ షాఫ్ట్ (ముందు భాగం), గట్టి ఫినాలిక్ రెసిన్ టిప్ (బంతికి తగిలే కొన), 19 ఔన్సుల బరువు అని వివరాలు రాసి, బ్రేక్ బలం మొదటి రోజునుంచే పెరుగుతుందని ప్రకటించిన ఒక బ్రేక్ క్యూను, అంటే బ్రేక్ కోసమే వాడే కర్రను, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఆ మూడు వివరాలలో రెండు అబద్ధాలని తేలేసరికి, దానిని తిప్పి పంపే వీలు చేజారిపోయింది. ఎలా చేజారిందో తెలిస్తే మరొకరు జాగ్రత్త పడతారన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

మొదట బరువు సంగతి. 19 ఔన్సులంటే దాదాపు 539 గ్రాములు. పదిహేను రోజులు వాడాక, భుజం లాగుతుంటే అనుమానం వచ్చి వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే 610 గ్రాములు తూగింది, అంటే 21.5 ఔన్సులు. ఆట నియమాల ప్రకారం క్యూ 25 ఔన్సుల వరకు ఉండవచ్చు కనుక అది నిషిద్ధమేమీ కాదు, కానీ నేను కొన్నది అది కాదు. బరువెక్కువైతే బ్రేక్ బలపడుతుంది కదా అని మీరనవచ్చు. 170 గ్రాముల తెల్ల బంతిని అంతే వేగంతో కొట్టగలిగితే, ఆ అదనపు 71 గ్రాముల వల్ల బంతి వేగం లెక్క ప్రకారం సుమారు 3 శాతం మాత్రమే పెరుగుతుంది. బరువైన క్యూతో చేయి ఆ కాస్త మందగించినా లాభమంతా అక్కడే కరిగిపోతుంది. నా విషయంలో అంతకంటే ఎక్కువే కరిగింది, ఎందుకంటే బరువును ఈడ్చే తాపత్రయంలో గురి తప్పి, పేర్పులో అన్నిటికంటే ముందుండే 1 బంతిని నిండుగా కొట్టడం మానేశాను.

మూడో వారంలో షాఫ్ట్ బల్ల అంచుకు ఒరుసుకుని గోరంత మేర నల్లటి పూత లేచిపోయింది. దాని కింద కనిపించింది లేత పసుపు రంగు చెక్క, చెక్క పోగులతో సహా. కార్బన్ అల్లికలా కనిపించిన గళ్లు పూత మీద ముద్రించినవే. అదే వారంలో బ్రేక్ కొట్టినప్పుడల్లా ‘టక్’మనే శబ్దం ‘టప్’మని మందంగా రావడం మొదలైంది. దీపం కింద తిప్పి చూస్తే, టిప్‌కు దిగువన ఉండే తొడుగు, అంటే ఫెరూల్, చుట్టూ వెంట్రుకవాసి పగులు కనిపించింది.

విక్రేతకు ఫోటోలతో సహా రాశాను. టిప్ మీద చాక్ (బంతి మీద జారకుండా రాసే పొడి) మరకలున్నాయి కాబట్టి అది వాడిన వస్తువని, వాడిన వస్తువును వాపసు తీసుకోబోమని జవాబు వచ్చింది. చాక్ రాయకుండా బ్రేక్ క్యూను పరీక్షించడం ఎలాగో ఆ జవాబు రాసినవారికే తెలియాలి. వెనక్కి వెళ్లి షరతులు చదివితే, నిజంగానే ఆ మాట చిన్న అక్షరాలలో ఉంది. నేను చదవలేదు, ఆ తప్పు నాది.

కొనడానికి నన్ను పురికొల్పిన వీడియో గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉందని నా అభిప్రాయం. అందులో కొట్టిన ప్రతి బ్రేక్‌లోనూ ఒక బంతి మూల పాకెట్‌లో పడుతుంది. పదోసారి నెమ్మదిగా చూసినప్పుడు అర్థమైంది: పడుతున్నది ప్రతిసారీ వింగ్ బాలే, అంటే డైమండ్ ఆకారంలో పేర్చిన బంతులలో 9 బంతికి పక్కన ఉండేదే. బంతుల కింద పల్చని టెంప్లేట్ షీట్ కూడా కనిపించింది. ఆ షీట్ రంధ్రాలలో కుదురుకున్న బంతులు ఒకదానికొకటి సందు లేకుండా ఆనుకుంటాయి. 1 బంతి బల్ల మీది గుర్తు చుక్క (స్పాట్) మీద ఉండి, ర్యాక్, అంటే బంతుల పేర్పు, అంత బిగుతుగా ఉన్నప్పుడు, పక్కనుంచి ఓ మోస్తరు బలంతో నిండుగా కొట్టినా వింగ్ బాల్ మూల పాకెట్ దారి పడుతుంది. అది ర్యాక్ గుణమే తప్ప క్యూ గుణం కాదు. బల్ల మీది అరిగిన గుడ్డ మీద చెక్క చట్రంతో పేర్చినప్పుడు బంతుల మధ్య కాగితం దూరేంత సందున్నా ఆ దెబ్బ బలం చెదిరిపోతుంది, చేతిలో ఎంత ఖరీదైన క్యూ ఉన్నా సరే.

దీనిని నా పాత క్యూతోనే పరీక్షించాను. ముప్పావు బలంతో, 1 బంతి నిండుగా తగలడం, తెల్ల బంతి బల్ల నడుమ ఆగడం అన్న రెండింటినే లక్ష్యంగా పెట్టుకుని కొట్టాను. బంతి పడని సందర్భాల్లోనూ నాలుగు బంతులు బల్ల అంచు కుషన్లకు తగలాలన్న నియమం దాదాపు ప్రతిసారీ నెరవేరింది. కొత్త క్యూతో తెల్ల బంతి మధ్య పాకెట్‌లో పడటమో, బల్ల దాటి ఎగిరిపోవడమో జరుగుతుండేది.

అయినా బ్రేక్ క్యూ కొనాలనుకునేవారు, బ్రేక్ దెబ్బలకు పాడయ్యే మామూలు క్యూ టిప్‌ను కాపాడుకోవడానికి కొనడం సబబే. అయితే వాపసు షరతులను డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. పెట్టె తెరవడం మొదలు తూకం వేయడం దాకా ఆపకుండా వీడియో తీయండి. షాఫ్ట్‌ను, బట్‌ను (పట్టుకునే వెనుక భాగాన్ని) విడివిడిగానూ, బిగించాక కలిపీ బల్ల మీద దొర్లించి, కింద వెలుతురు సందు ఎగుడుదిగుడుగా కదులుతుందేమో చూడండి. జాయింట్ అతుకు మీద గోరు నడిపితే మెట్టు తగలకూడదు. ఇవన్నీ అయ్యాకే చాక్ ముట్టుకోండి.

చెల్లింపు సంస్థ దగ్గర నేను పెట్టిన ఫిర్యాదు రెండు నెలలుగా ‘పరిశీలనలో ఉంది’ అనే చూపిస్తోంది. పెట్టె తెరిచిన రోజున తీసిన వీడియో ఉందా అని వారు అడిగారు. లేదు.