ఒంటరిగా బండి మీద పులికాట్, నేలపట్టు: ఏళ్ల తరబడి వెళ్లొచ్చాక నా మాట

నెల్లూరు నుంచి తెల్లారగట్ల బయల్దేరి రాత్రి భోజనం వేళకి ఇంటికొచ్చేలా ఒక్క రోజు ప్రయాణం చెప్పమని ఎవరడిగినా, నా నోట ముందు వచ్చేది నేలపట్టు పక్షుల కేంద్రమే. చాలా ఏళ్లుగా ప్రతి చలికాలం వెళ్తున్నాను. స్నేహితులతో వెళ్లాను, ఇంట్లోవాళ్లను తీసుకెళ్లాను, ఎక్కువసార్లు మాత్రం బండి మీద ఒక్కడినే వెళ్లాను. అన్నీ చూశాకే చెప్తున్నాను, వీలైతే ఒంటరిగా వెళ్లండి. అక్కడ చూడాల్సినవన్నీ ఒకచోట కుదురుగా కూర్చున్నవాళ్లకే కనపడతాయి. పక్కన మనిషి ఉంటే పావుగంటకే "ఇంక పోదామా" అంటాడు. అతని తప్పు కూడా కాదు, కొంగలు గంటసేపు చూడాలన్న ఆశ అందరికీ ఉండదు కదా.

పక్షుల కేంద్రం అనగానే జూ పార్కును ఊహించుకుని వెళ్లేవాళ్లు ఎక్కువ. నేలపట్టు ఊరి చెరువు. ఆ చెరువులో నిలబడ్డ చెట్ల మీద పక్షులు వాటంతట అవే వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. 1976లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు, చుట్టూ ఉన్న చిట్టడవి అంతా కలిపితే నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు దొరవారిసత్రం మండలంతో పాటు ఇదీ తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితం మీద ఏ జిల్లా అయినా మా నెల్లూరోళ్లు మాత్రం ఇప్పటికీ మా నేలపట్టు అనే అంటాం.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. హైవే నున్నగా ఉంటుంది, గూడూరు, నాయుడుపేట దాటుకుంటూ నేరుగా పోవడమే. బండికి టోల్ లేదు. జాగ్రత్త పడాల్సింది చేపల, రొయ్యల లారీల వెనక. వాటినుంచి ఐసు నీళ్లు కారుతూ రోడ్డు మీద పొడవునా చార పడుతుంది, తెల్లవారు మంచుకి అది ఇంకా జారుతుంది. అలాంటి లారీ కనిపిస్తే వెనక ఉండకుండా దాటేస్తాను, లేదా బాగా దూరం ఇస్తాను.

కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. నెల్లూరు నుంచి వెళ్తుంటే ముందు నేలపట్టు మలుపే వస్తుంది. పొద్దున్నే దానిలోకి తిరగకండి. నేరుగా సూళ్లూరుపేట పోయి, అక్కడ టిఫిన్ చేసి, శ్రీహరికోట రోడ్డు ఎక్కండి. పులికాట్ సరస్సు పొద్దున చూడాలి, నేలపట్టు మధ్యాహ్నం దాటాక చూడాలి. కారణం చాలా మామూలుది. పులికాట్‌లో పక్షులు దూరంగా ఉంటాయి. తొమ్మిది, పది దాటి ఎండ ముదిరితే ఆ బురద నేల మీద నుంచి వేడి ఆవిరి లేచి, బైనాక్యులర్స్‌లో అన్నీ అలల్లాగా ఊగిపోతాయి. ఎంత ఖరీదైన అద్దమైనా దానికి చేసేదేం లేదు. నేలపట్టులో గూళ్లు దగ్గర, అక్కడ ఆ బాధ లేదు. పైగా మేతకు పోయిన పక్షులు తిరిగొచ్చేది సాయంత్రమే.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దాకా రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు వైపులా నీళ్లు, బురద, ఆకాశం. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ మధ్య అడ్డంగా పడుకున్న దీవే శ్రీహరికోట. మధ్యలో అటకానితిప్ప దగ్గర ఆగి చూడొచ్చు. చివర షార్, అంటే ఇస్రో రాకెట్ కేంద్రం గేటు ఉంటుంది, పాస్ లేకుండా లోపలికి పోనివ్వరు, అక్కడి దాకా పోకుండా ముందే బండి తిప్పుకోవాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం పక్షుల కోసం ఇటు రావద్దు, రోడ్డంతా జనమే.

ఫ్లెమింగోల గురించి ఎంత విన్నా, మొదట కంటికి ఆనేది దూరంగా లేత గులాబీ రంగు గీత. అద్దం పెట్టి చూస్తే ఆ గీత విడిపోయి ఒక్కొక్కటీ పక్షి అవుతుంది. మెడ కిందికి దించి, తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి, వంకర ముక్కుతో బురదనీటిని లోపలికి తీసి వదుల్తుంటాయి. నీళ్లు బయటికి పోతాయి, సన్నటి నాచు, పురుగులు లోపల మిగుల్తాయి. ఒంటికి ఆ రంగు ఇచ్చేది కూడా ఆ మేతే. ఇంకో పని కూడా చేస్తాయి, ఉన్నచోటే కాళ్లతో తొక్కుతూ గుండ్రంగా తిరిగి, బురద కదిలించి, లేచినదాన్ని తింటాయి. అవి పోయాక బురదలో ఆ గుండ్రటి గుర్తులు మిగుల్తాయి. అవి ఇక్కడికి వచ్చేది మేతకే. గుడ్లు పెట్టేది ఎక్కడో గుజరాత్‌లో, కచ్ రణ్‌లో.

ఈ రోడ్డు మీద బండి నడిపేవాళ్లకు గాలి గురించి చెప్పాలి. చెట్టూ చేమా ఏమీ లేని రోడ్డు కాబట్టి సముద్రం వైపు గాలి లేచిందంటే బండిని పక్కకి నెడుతుంది. పొద్దున ఉండదు, పదకొండు దాటాక మొదలవుతుంది. తేలిక బండి అయితే టెన్షన్ పెడుతుంది. పొద్దున్నే రమ్మనడానికి ఇది ఇంకో కారణం.

బైనాక్యులర్స్ విషయం చాలామంది అడుగుతుంటారు. నేను వాడేది 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది. ముందు 10x కూడా వాడాను. పెద్దగా కనపడుతుంది కానీ చేతి వణుకు కూడా అంత పెద్దగానే కనపడుతుంది. బండి దిగిన వెంటనే, చేతుల్లో ఇంజన్ అదురు ఇంకా ఉండగా, 8x కుదురుగా ఉంటుంది. బ్యాగులో పెట్టి బండి మీద ఏళ్లు తిప్పినా ఇది చెక్కుచెదరలేదు. ఒకే ఒక్క జాగ్రత్త, పులికాట్ ఉప్పు గాలి. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో రుద్దకుండా, ముందు దుమ్ము ఊది, కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. ఉప్పు పొర మీద పొడిగుడ్డ వేస్తే అద్దం మీద గీతలు పడతాయి. బండి చైన్‌కి కూడా అదే రాత్రి నీళ్లు కొట్టి ఆయిల్ వేస్తాను.

ఇక నేలపట్టు. ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడే, ఎక్కువ చెప్పాల్సిందీ ఇక్కడే.

చెరువు లోపల కడప చెట్లు గుంపులుగా ఉంటాయి. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో నానినా కుళ్లని చెట్టు ఇది. అందుకే పక్షులకు ఇంత నచ్చింది. చుట్టూ నీళ్లుంటే పిల్లులు, నక్కలు, కుక్కలు గూటి దాకా రాలేవు. జనవరిలో చూస్తే పై కొమ్మలన్నీ రెట్టలతో సున్నం వేసినట్టు తెల్లగా అయిపోయి, వాటి మీద బూడిద రంగు గూడబాతులు (పెలికాన్లు) కూర్చుని ఉంటాయి. దక్షిణాదిలో గూడబాతులు ఇంత పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టుకునే చోట్లు కొద్దే. ప్రపంచం మొత్తం మీద ముప్పు అంచున ఉన్న జాతుల జాబితాలో ఉన్న పక్షి ఇది. మన హైవే పక్కనే, లారీ హారన్లకు కాస్త లోపలగా, పిల్లల్ని పెంచుకుంటోంది.

నాలుగైదు కిలోల పక్షి సన్నటి కొమ్మ మీద వాలడం చూడాలి. పైన రెక్కలు విప్పుకుని, కాళ్లు ముందుకు చాపి, గాలిలో వేగం చంపుకుంటూ దిగుతుంది. కొమ్మ కిందికి వంగి మళ్లీ పైకి లేస్తుంది, దానితోపాటే పక్షీ ఊగుతుంది, రెక్కలు నెమ్మదిగా ముడుస్తుంది. అద్దంలో చూస్తే పై ముక్కు అంచు పొడవునా చుక్కలు వరసగా కనపడతాయి, మెడ వెనక నిక్కిన ఈకలు కనపడతాయి. పిల్ల తల్లి ముక్కులో తల దూరుస్తుంది. ముందు తల, తర్వాత మెడ, చివరికి భుజాల దాకా ముక్కు కింద వేలాడే సంచిలోకి పోతుంది. సంచి బయటినుంచి పిల్ల తల అటూ ఇటూ కదలడం తెలుస్తుంటుంది. తల్లి కళ్లు సగం మూసి, రెక్కలు కాస్త జార్చి, అంతా ఓర్చుకుంటుంది. పిల్ల బయటికి వచ్చాక మళ్లీ అడుగుతుంది. తల్లి మెడ తిప్పేసుకుంటుంది. ఇది నేను ఎన్ని చలికాలాలు చూసినా తనివి తీరలేదు.

కింది కొమ్మల్లో నత్తగుల్ల కొంగలుంటాయి. పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందు ఉంటుంది, ముక్కు పూర్తిగా మూసినా ఆ సందు అలాగే ఉంటుంది. పేరుకు తగ్గట్టే వీటి మేత నత్తలు. పక్క మళ్లలో నాట్లు వేసిన చోట బురదలో నత్తల్ని ఏరుకు తింటాయి. జత కలిసినప్పుడు ముక్కులు టకటకలాడిస్తాయి. ఆ చప్పుడు, గూడబాతు పిల్లల అరుపులు, నీటికాకుల గొడవ కలిసి చెరువంతా సంతలా ఉంటుంది. వాసన కూడా ఉంటుంది, చేపల పులుపు వాసన. పిల్లల్ని తీసుకెళ్తే ముక్కు మూసుకుంటారు, పది నిమిషాల్లో అలవాటైపోతుంది. తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), తెడ్డుమూతి కొంగలు కూడా ఇక్కడ తప్పకుండా వెతకండి.

రెట్టలన్నీ పడేది చెరువు నీళ్లలోనే. ఆ నీళ్లే తూము దాటి కింది మళ్లకు పోతాయి. ఒకసారి కట్ట మీద గడ్డి మోపు దించి కూర్చున్న పెద్దాయనతో మాట కలిపాను. "ఈ నీళ్లు పారే మడికి ఎరువు తక్కువ చాలుద్ది సామీ, ఇయి మా పక్షులు" అన్నాడు. ఊరి జనం వాటిని ఎందుకు కాపాడుకుంటున్నారో నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. ఆయనకు అవి చూడటానికి వచ్చినవి కావు, సేద్యంలో భాగం.

ఏళ్లుగా వెళ్లినవాడిగా చెప్పగలిగింది, రెండు చలికాలాలు ఒకేలా ఉండవు. అంతా వాన మీద ఉంది. మాకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడేవే. వాయుగుండం అనగానే మా గుండెల్లో రాయి పడుతుంది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి మా ఊరి దగ్గర హైవే కూడా తెగింది, ఎంతమంది ఇళ్లలోకి నీళ్లొచ్చాయో. అదే వాన ఈ పక్షులకు కావాలి. చెరువు నిండి కలుజు పారిన ఏడాది గూళ్లు కిక్కిరిసి ఉంటాయి. వానలు మొహం చాటేసిన ఏడాది చెట్ల మొదళ్లు బయటపడి, కొమ్మలు ఖాళీగా కనపడతాయి. అలాంటి ఏడాది వెళ్లి నిరాశపడినవాళ్లు "ఏముంది అక్కడ" అని ఊరంతా చెప్తారు. దయచేసి నవంబర్ వానలు ఎలా పడ్డాయో తెలుసుకుని బయల్దేరండి. పడ్డాయంటే డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడు వెళ్లినా గూళ్లలో పిల్లలుంటాయి. మార్చికి పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి, ఆ తర్వాత చెరువు ఖాళీ అవుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది వచ్చే జనంలో కొందరి తీరు. ఫోన్లో పాటలు పెద్దగా పెట్టి కట్ట మీద నడుస్తారు. పక్షులు లేస్తే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టి అదిలిస్తారు. గూటి మీద తల్లి లేచిపోతే చిన్న పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఒక ఫోటో కోసం అంత పని చేయకూడదు. ఎగిరే ఫోటో కావాలంటే సాయంత్రం దాకా ఓపిక పట్టండి, పులికాట్ నుంచి అవే వరసలు కట్టి వస్తాయి, ఎవరూ అదిలించక్కర్లేదు. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ మంచి పనే, ఎంతోమంది బడిపిల్లలు మొదటిసారి ఈ పక్షుల్ని చూసింది దాని పుణ్యానే. అయితే ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లు ఆ రోజులు వదిలేసి, మామూలు వారంలో మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

వాచ్ టవర్ ఎక్కడం మానొద్దు, కానీ అక్కడే ఉండిపోకండి. పైనుంచి మొత్తం చెరువు తెలుస్తుంది, గూళ్ల సంసారం మాత్రం కట్ట మీద నీడలో కూర్చుంటేనే దగ్గరగా తెలుస్తుంది. ముదురు ఆకుపచ్చో, మట్టి రంగో చొక్కా వేసుకోండి. ఎర్ర చొక్కాతో వెళ్తే దగ్గరి కొమ్మల పక్షులు జరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. మధ్యాహ్నం తిండికి నేను నెల్లూరులోనే పులిహోర కట్టించుకుంటాను, రెండు లీటర్ల నీళ్లు పెట్టుకుంటాను. తిన్న కవర్లు మళ్లీ బ్యాగులోకే.

తిరుగు ప్రయాణానికి వెలుతురు ఉండగానే హైవే ఎక్కేయాలని ఉంటుంది కానీ, అలా చేస్తే సాయంత్రం వచ్చే వరసలు పోతాయి. నేను పొద్దుగుంకే దాకా ఉండి, చీకట్లోనే వస్తాను. హెల్మెట్ అద్దం తెల్లది ఉండాలి, నల్ల అద్దంతో రాత్రి హైవే మీదికి రాకండి. చెరువుల పక్కన పురుగులు మొహానికి కొడతాయి కాబట్టి అద్దం ఎత్తి నడపడం కూడా కుదరదు. నాయుడుపేటలో ఒక టీ, గూడూరు దాటాక ఇంకో టీ. నిదానంగా వచ్చినా తొమ్మిదికల్లా నెల్లూరులో ఉంటాను.