కొండ కింది ఊరిలో మూడు రోజులు

మా నాన్న పుట్టి పెరిగింది తిరుపతిలో. ఈ మాట ఎవరికి చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న, దర్శనం టికెట్లు ఏమైనా దొరుకుతాయా అని. కొండ కింద ఒక ఊరు ఉందని, దానికి తనదైన బతుకూ జ్ఞాపకాలూ ఉన్నాయని చాలామందికి తోచదు. నిన్నమొన్నటి వరకు నాకూ తోచలేదు. రైలు దిగడం, కొండెక్కడం, లడ్డూల సంచితో మళ్ళీ రైలెక్కడం, నాకు తెలిసిన తిరుపతి అంతే. ఈ కార్తికంలో మాత్రం 74 ఏళ్ళ నాన్నను వెంటబెట్టుకుని విజయవాడ నుంచి మూడు రోజులకని వెళ్ళాను. ఈసారి కొండ ఎక్కకూడదని ముందే అనుకున్నాం. స్టేషను బయటి నుంచే శేషాచలం వైపు తిరిగి దండం పెట్టుకుని ఊళ్ళోకి నడిచాం.

మొదటి రోజు బస విషయంలో దెబ్బ తిన్నాం. బస్టాండుకు దగ్గరని ఫోనులో ఫొటోలు చూసి ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి చేరితే, తమ రోజు ఎనిమిదింటికి మొదలవుతుందని, ఆ మూడు గంటలకు మరో రోజు అద్దె కట్టాలని అన్నారు. లిఫ్టు పనిచేయడం లేదు. మోకాళ్ళ నొప్పులతో నాన్న మూడో అంతస్తుకు మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు రెండు సంగతులు ముందే అడిగి తెలుసుకోండి: 24 గంటల లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుంది, లిఫ్టు నడుస్తోందా. దేవస్థానం వారి విష్ణునివాసం స్టేషనుకు ఎదురుగానే ఉంది, శ్రీనివాసం బస్టాండుకు ఎదురుగా. ఆన్‌లైన్‌లో ముందుగా గది దొరికితే మరో చోటు వెతుక్కోవద్దు. మేము ఆలస్యంగా మేలుకున్నాం, అంతే.

పాత ఊరంతా గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉంటుంది. రామానుజులవారు 1130లో ఈ గుడిలో స్వామిని ప్రతిష్ఠించి, చుట్టూ వీధులు వేయించారని ఊరివాళ్ళ నమ్మకం. ఆ లెక్కనే ఫిబ్రవరి 24న ఊరి పుట్టినరోజు చేసుకుంటున్నారు. అంతకుముందు జనం కపిలతీర్థం దగ్గర కొత్తూరులో ఉండేవారట. మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురం కింద నిలబడి నాన్న వేలు చూపిస్తూ వీధుల పేర్లు చెప్పుకుపోయారు: తీర్థకట్ట వీధి, కర్ణాల వీధి, బండ్ల వీధి, బేరి వీధి. ఆయన గొంతులో పేరుకో మనిషి ఉన్నాడు. ఎవరి ఇంటి అరుగు మీద లెక్కలు నేర్చుకున్నారో, ఎవరి దొడ్డిలో మామిడికాయలు దొంగిలించారో అన్నీ ఆ పేర్లతోనే వచ్చాయి. అరుగులు ఇప్పుడు లేవు. అరుగున్న చోట ఇత్తడి సామాను, ఫొటో ఫ్రేములు, సెల్‌ఫోన్ కవర్లు అమ్మే దుకాణాలు వచ్చాయి. అయినా ఉదయం ఏడింటికి ముందు వెళ్తే ఆ వీధులు ఇంకా వాళ్ళవే అనిపిస్తుంది. ముగ్గులు ఉంటాయి, పూల బుట్టలు దిగుతుంటాయి, ఫిల్టర్ కాఫీ వాసన వస్తుంది. అక్కడే ఒక చిన్న మెస్సులో తిన్న పొంగలి, ఎర్రకారం దోశ నాకు ఆ మూడు రోజుల్లోకెల్లా నచ్చిన ఫలహారం.

1901లో ఈ ఊరి జనాభా 15 వేల పైచిలుకు. 2011 లెక్కలకు 2.87 లక్షలు దాటింది. 1886లో మునిసిపాలిటీ, 2007లో కార్పొరేషన్, 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం. 1954లో విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు అది ఊరి బయట అనుకునేవారని నాన్న అంటారు. ఇప్పుడది ఊరి నడుమన ఉంది. తిరుచానూరు, రేణిగుంట, చంద్రగిరి వైపు ఇళ్ళు ఒకదానినొకటి తోసుకుంటూ సాగిపోయాయి.

అసలు కథ ఆటో ఎక్కాక మొదలైంది. కొరమేనుగుంటలో మా మేనత్త ఇంటికి బయలుదేరాం. దారిలో నాన్న మళ్ళీ పేర్లు అందుకున్నారు: తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట, పూలవానిగుంట, ఆ పక్కకు వెళ్తే తుమ్మలగుంట. నేను ఇన్నాళ్ళూ ఈ పేర్లు విన్నాను కానీ వినలేదు. ఇన్ని గుంటలు ఉన్న ఊళ్ళో నీళ్ళు ఏవి? కొరమేను చేప పేరు పెట్టుకున్న పేటలో ఇప్పుడు మూడంతస్తుల ఇళ్ళు, సిమెంటు రోడ్డు, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఉన్నాయి. శేషాచలం మీద పడ్డ వాన కపిలతీర్థం నుంచి, మాల్వాడి గుండం నుంచి దూకి, వాగులై, ఈ గుంటలను ఒక్కొక్కటిగా నింపుకుంటూ చివరకు స్వర్ణముఖిలో కలిసేదని నాన్న చేత్తో గాలిలో గీసి చూపించారు. ఊరు పెరిగిన కొద్దీ గుంటలు పూడ్చారు, కాలువల మీద ఇళ్ళు కట్టారు. వానకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అత్త ఇంట్లో ఆ వాన గుర్తు చూశాను. హాలులో పాత టేకు బీరువా ఉంది. దాని కింది భాగం ఉబ్బి, తలుపు సరిగా మూసుకోదు. నేల నుంచి రెండు జానల ఎత్తులో చెక్క రంగు ఒక్కసారిగా మారుతుంది. పైన ముదురు గోధుమ, కింద వెలిసిన బూడిద. ఆ గీత పక్కనే పెన్సిలుతో 19-11-21 అని రాసి ఉంది. 2021 నవంబరు వరదలో నీళ్ళు వచ్చిన తేదీ అది. గోడలకు రెండుసార్లు రంగు వేయించినా బీరువాను మాత్రం అత్త పాలిష్ పట్టనివ్వలేదు.

"చెరిపేస్తే మరిచిపోతాం కదమ్మా" అంది అత్త. "ఆ రాత్రి మంచాల మీద మంచాలు వేసుకుని కూర్చున్నాం. బియ్యం డబ్బా తేలుతూ వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. మీ తాత స్థలం కొనేటప్పుడే మా నాయనమ్మ చెప్పింది, గుంటలో ఇల్లు వద్దురా అని. అప్పటికి నాలుగేళ్ళుగా వానలు లేవు. ఎవరు వింటారు?"

నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆ గీత మీద బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు. ఆ స్థలానికి సంతకం పెట్టినప్పుడు తాతతోపాటు తానూ ఉన్నానని ఆ రాత్రి పడుకునేటప్పుడు చెప్పారు.

తిరుపతి ఒకవైపు వరదకు మునుగుతుంది, మరోవైపు వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంది. కల్యాణి డ్యాం, తెలుగు గంగ నీళ్ళు లేకపోతే ఈ జనానికి గొంతు తడవదు. ఇంటి ముందు గుంటను పూడ్చుకుని దూరం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చుకుంటున్నామని అనుకుంటే నాకు బాధగానే ఉంది. మిగిలిన అవిలాల, పేరూరు చెరువులనైనా నీళ్ళకే వదిలేయాలని ఈ ఊరితో ఏ కాస్త సంబంధం ఉన్నవారైనా గట్టిగా అడగాలి.

ఆ సాయంత్రం అత్త మమ్మల్ని తాతయ్యగుంట గంగమ్మ గుడికి తీసుకెళ్ళింది. యాత్రికులు ఎక్కువగా రాని గుడి, ఊరివాళ్ళ గుడి. గంగమ్మ వెంకన్నకు చెల్లెలని ఇక్కడి నమ్మకం. అందుకే మే నెలలో జరిగే జాతరకు దేవస్థానం నుంచి పుట్టింటి సారె వస్తుంది. మంగళవారం అర్ధరాత్రి చాటింపుతో మొదలై వారం రోజులు సాగుతుంది. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు దాక్కుంటే, అమ్మవారు రోజుకో వేషం వేసుకుని వెతికి చంపిందని కథ. ఆ వేషాలే జనం వేస్తారు: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని అమ్మవారి ముందుకు వస్తారు. వెక్కిరించడానికి కాదు, మొక్కు తీర్చుకోవడానికి. నాన్న పదేళ్ళప్పుడు తోటి వేషం వేశారట. ఒళ్ళంతా బొగ్గు పూసి, వేపాకు కట్టి, అత్తే తయారు చేసిందట. "మూడు రోజులు తలంటినా చెవుల వెనక మసి పోలేదు" అని అత్త ఇప్పటికీ ఆయన చెవి పట్టుకుని చూపించింది. 74 ఏళ్ళ మనిషి అక్క చేతికి చెవి అప్పగించి నిలబడ్డారు.

రెండో రోజు కపిలతీర్థం. కార్తికంలో తప్పక చూడవలసిన చోటు ఇది. వానలు పడితేనే జలపాతం ఉంటుంది, మేము వెళ్ళినప్పుడు తెల్లటి ధార కోనేట్లోకి దూకుతోంది. చుట్టూ విజయనగర కాలం నాటి మండపాలు. ఉదయం ఆరింటికే వెళ్ళండి, ఎనిమిది దాటితే నిలబడటానికి చోటుండదు. మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, పెద్దవాళ్ళ చేయి వదలవద్దు.

ఆ రాత్రికి తిరుచానూరులో ఒక చిన్న వసతి గృహం తీసుకున్నాం. కింది అంతస్తులో గది, వేడినీళ్ళు, మంచి గాలి, మొదటి రోజు లాడ్జి అద్దెలో సగం. నడిపే దంపతులు నాన్నకు మోకాళ్ళ నొప్పి అని తెలిసి అడగకుండానే ప్లాస్టిక్ స్టూలు తెచ్చి స్నానాల గదిలో వేశారు. పద్మావతి అమ్మవారి గుడికి అయిదు నిమిషాల నడక. ఊళ్ళోకి ఆటోలు రాత్రి వరకూ దొరుకుతాయి. కుటుంబంతో వెళ్ళేవారికి నేను చెప్పేది తిరుచానూరే. ఒక్క జాగ్రత్త: కార్తిక బ్రహ్మోత్సవాల చివర పంచమీతీర్థం నాడు పద్మసరోవరంలో మునగడానికి లక్షల్లో జనం వస్తారు, ఆ రోజుల్లో గది ఆశించవద్దు. ఒకప్పుడు స్టేషను నుంచి ఇక్కడికి జట్కాలో వరిపొలాల మధ్య వచ్చేవాళ్ళమని నాన్న అన్నారు. 2023లో శ్రీనివాస సేతు పేరుతో ప్రారంభమైన పైవంతెన మీదుగా ఇప్పుడు ఆ దారి నిమిషాల్లో అయిపోతుంది. సౌకర్యమే. పైనుంచి పోతుంటే కింద ఊరు మాత్రం కనిపించదు.

మూడో రోజు చంద్రగిరి. తిరుపతికి 12 కిలోమీటర్లు, బస్సులు చాలానే ఉన్నాయి. శుక్రవారం కోటలోని మ్యూజియం సెలవు, ఆ రోజు వెళ్ళకండి. తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుగొండకు, ఆపైన ఇక్కడికి తరలి వచ్చిన విజయనగర రాజధాని ఇది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తుల రాజమహలు లోపల ఎండలోనూ చల్లగా ఉంది. నాన్న మెట్లెక్కలేక కింద చెట్టు నీడలో కూర్చున్నారు. నేను ఒక్కదాన్నే చూసి వచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా మనసు కోటలో లేదు, ఆ బీరువా దగ్గరే ఉంది.

మధ్యాహ్నం భోజనం అత్త ఇంట్లో. రాగి సంగటి, వేరుశనగ ఊరుబిండి, అలసంద వడలు. ఇవి హోటళ్ళలోనూ దొరుకుతాయి, ఊరి బయటి రోడ్ల మీద సంగటి బోర్డు పెట్టినవి చాలా ఉన్నాయి, కానీ సంగటి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసే చేయి అక్కడ దొరకదు.

స్టేషనుకు బయలుదేరుతుంటే అత్త ఓళిగల పొట్లం సంచిలో పెట్టి, మేలో జాతరకు రమ్మంది. నాన్న ఆటోలో కూర్చుని, తల బయటకు పెట్టి అడిగారు, "చాటింపు ఏ మంగళవారం అక్కా?"

"తెలియగానే ఫోను చేస్తాను" అంది అత్త. "బొగ్గు మాత్రం నువ్వే తెచ్చుకో."