98 గళ్ల ప్రోట్రే, 5 కిలోల కోకోపీట్ దిమ్మ: సంతకి కూరగాయలు పండించేవాళ్లు కొనొచ్చా?

హొసకోట, ఆనేకల్, సర్జాపుర వైపు అరెకరమో ఎకరమో సాగు చేస్తూ వారం వారం బెంగళూరు సంతల్లో అమ్ముకునే మన తెలుగు రైతులు చాలామంది నారు బయటే కొంటున్నారు. టమాట, క్యాప్సికం, క్యాబేజీ వరకైతే ప్రోట్రేలు (గడికో మొక్క చొప్పున నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కొని నారు సొంతంగా పోసుకోవడమే మేలు. ఈ రెంటిలో మోసపోయేది ట్రే దగ్గర కాదు, పీట్ దగ్గర.

ట్రే గురించి రెండే మాటలు. తడి పీట్ నింపిన ట్రేని రెండు చివర్లా పట్టుకుని ఎత్తితే మధ్యలో కుంగిపోకూడదు. సన్న ట్రే వంగుతుంది, గళ్లలో పీట్ కదిలి లేత వేరు తెగుతుంది. కాస్త ఎక్కువైనా మందపుదే తీసుకోండి. ప్రతి గడి అడుగునా రంధ్రం తెరిచి ఉందో లేదో కొట్లోనే వెలుతురుకి ఎత్తి చూడండి.

ఇక దిమ్మ. 5 కిలోలది నానితే దాదాపు 70 లీటర్లవుతుంది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ పద్ధతిలో ట్రేకి సుమారు 1.2 కిలోల నానిన పీట్ పడుతుంది. దిమ్మకి 20 నుంచి 25 ట్రేలు నిండుతాయనుకోవచ్చు. కానీ కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పు ఉంటుంది, కడగని దిమ్మలో మరీ ఎక్కువ. సంచి మీద ‘కడిగినది’ అని రాసి ఉన్నా నమ్మొద్దు. నానబెట్టి, నీళ్లు వంచేసి, మళ్లీ పోసి, కనీసం మూడుసార్లు కడగాలి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే ఈసీ మీటర్ ఉంటే, కారిన నీళ్ల రీడింగ్ పోసిన నీళ్ల రీడింగ్‌కి దగ్గరగా వచ్చేదాకా ఆపకండి. మీటర్ లేకపోతే గుప్పెడు పీట్‌లో ఆవాలు చల్లి చూడండి. మూడు నాలుగు రోజుల్లో సమంగా మొలిస్తే సరే. ఉప్పు మిగిలితే ఆకు అంచులు మాడతాయి. మొక్కని పీకి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేరు కొన గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. దాన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్లే ఎక్కువ, ఆ ఖర్చంతా వృథా.

పీట్‌ని గుప్పిట పిండితే ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు. గడికి ఒక్క విత్తనం, అర సెంటీమీటరు లోతున. విత్తాక నీళ్లు పోయక్కర్లేదు. పది ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి పాలిథీన్ షీటు కప్పండి. టమాట నాలుగైదు రోజులకి, క్యాప్సికం వారానికి మొలకెత్తుతాయి. ఇక్కడ రోజూ షీటు ఎత్తి చూడాల్సిందే. మొలక కనిపించాక ఒక్కరోజు ఆలస్యమైనా కాడ తెల్లగా దారంలా సాగిపోతుంది, అది మళ్లీ గట్టిపడదు.

తర్వాత ట్రేలు వలకింద పరవాలి. పచ్చని షేడ్‌నెట్ ఎండని ఆపుతుంది గానీ తెల్లదోమని ఆపదు. ఆకుముడత వైరస్‌ని మోసేది ఆ దోమే కాబట్టి చుట్టూ 40–50 మెష్ (అంగుళానికి 40–50 కన్నాలుండే) నైలాన్ వల కావాలి. విత్తిన 12వ రోజు, 20వ రోజు లీటరు నీళ్లకి 3 గ్రాముల 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) కలిపి పోస్తే చాలు. బెంగళూరు చుట్టుపక్కల చాలా బోర్లలో నీళ్లు గట్టివి, అంటే సున్నం ఎక్కువ. ట్రే అంచున తెల్లటి పొర కట్టి, కొత్త ఆకు ఈనెలు పచ్చగా, మధ్య పసుపుగా మారితే ఇనుము అందట్లేదని అర్థం. వాన నీళ్లు పట్టిపెట్టుకుంటే నారుకి అంతకన్నా మంచివి లేవు. సాయంత్రం పూట తడిపితే రాత్రంతా తడి నిలిచి మొదలు కుళ్లి నారు పడిపోతుంది. పొద్దున్నే తడపండి.

సంతకి అమ్మేవాళ్లకి ట్రేలతో అసలు లాభం విడతలుగా విత్తుకోవడంలో ఉంది. అంతా ఒకేసారి నాటితే కోత అంతా ఒకేసారి వచ్చి, మిగిలింది కలాసిపాళ్యం హోల్‌సేల్ మార్కెట్లో దొరికిన ధరకి వదిలించుకోవాల్సి వస్తుంది. మూడు వారాలకోసారి నాలుగు ట్రేలు విత్తండి. పోయినవి పోగా 350 మొక్కలు వస్తాయి. 90×60 సెంటీమీటర్ల దూరంలో టమాట నాటితే అవి రెండు గుంటల (ఎకరంలో ఇరవయ్యో వంతు) నేలకి సరిపోతాయి. టమాట నారు 25–30 రోజులకి, క్యాప్సికం 30–35 రోజులకి సిద్ధమవుతుంది. మొక్క లాగితే వేళ్లు అల్లుకున్న ముద్ద చెదరకుండా మొత్తం ఊడి రావాలి. సగం పీట్ గడిలోనే ఉండిపోతే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

బెండ, చిక్కుడు, ముల్లంగి, కొత్తిమీరకి ఇవేవీ వద్దు, నేరుగా మడిలో విత్తడమే. కీర, కాకరకి 50 గళ్లది తీసుకోండి, వాటి ఆకు త్వరగా పరుచుకుంటుంది.

వాడిన ట్రేలు బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, నీడలో పెట్టండి. ఎండలో వదిలేస్తే ఎంత మందపు ట్రే అయినా అంచులు పెళుసెక్కి ఎత్తగానే విరుగుతాయి.