జాగ్రత్త: ఫోర్ వీల్ డ్రైవ్ వేసి చూడకుండా కొత్త పికప్‌కి సంతకం పెట్టకండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి ఈ మధ్య పొలం పిచ్చి పట్టింది. పొలం కొన్నాక మేకలు, మేకల తర్వాత పికప్. నేనూ ఆ వరసలోనే మార్చిలో కొత్త పికప్ కొన్నాను. ఫోర్ వీల్ డ్రైవ్, పది గేర్ల ఆటోమేటిక్, పన్నులూ అవీ కలిపి 58 వేల డాలర్ల పైమాటే. ఈ ఏడు నెలల్లో అది 43 రోజులు సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. కంపెనీ పేరు, డీలర్ పేరు రాయను, విషయం ఇంకా తేలలేదు. అయినా నేను చేసిన తప్పులు ఏ కంపెనీ బండి కొన్నా చేయొచ్చు.

మొదటి తప్పు టెస్ట్ డ్రైవ్ రోజే చేశాను. నేను వెళ్లేసరికి సేల్స్‌మన్ బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి, గుమ్మం ముందు సిద్ధంగా ఉంచాడు. ఎంత మర్యాద అనుకున్నాను. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ అప్పటికే వేడెక్కి ఉన్నాయి. టోల్‌వే మీద పావుగంట తిప్పితే వెన్నలా పోయింది. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి చూద్దామంటే "కాంక్రీట్ మీద వేయకూడదు, బండికి మంచిది కాదు" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ వాళ్ల లాట్ వెనకే కంకర పోసిన జాగా ఉంది. అక్కడ ఇరవై అడుగులు తిన్నగా నడిపి ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగేది, మామూలు వేగానికి), ఆగి న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది), మళ్లీ టూ హై (రోజూ నడిపేది, రెండు చక్రాలే లాగేది) వేసి చూసుంటే ఐదు నిమిషాల పని. నాకు తట్టలేదు, అతను చెప్పలేదు.

రెండో వారం నుంచే గేర్‌బాక్స్ మొదలుపెట్టింది. పొద్దున్నే చల్లటి బండి తీస్తే మూడు నుంచి నాలుగుకి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఒక కుదుపు. సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే కింద నుంచి ధడేల్‌మని చప్పుడు. ఒకసారి పాట్‌లక్‌కి తీసుకెళ్తున్న సాంబారు గిన్నె కాస్తా కార్పెట్ మీద ఒలికింది. ఆ వాసన ఇప్పటికీ పోలేదు.

డీలర్ దగ్గరికి తీసుకెళ్తే సర్వీస్ అడ్వైజర్ నవ్వుతూ "కొత్త ట్రాన్స్‌మిషన్ కదా, మీ డ్రైవింగ్ నేర్చుకుంటోంది. ఇంకో వెయ్యి మైళ్లు తిప్పండి, సర్దుకుంటుంది" అన్నాడు. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే నమ్మాను. ఇప్పటి ఆటోమేటిక్‌లు ఏ క్లచ్‌కి ఎంత ఆయిల్ ఒత్తిడి, ఎంతసేపు ఇవ్వాలన్నది వాడకాన్ని బట్టి సవరించుకుంటూనే ఉంటాయి. కానీ నేర్చుకునే బండిలో కుదుపు రోజురోజుకీ తగ్గాలి. నాది పెరిగింది. ఇంకా ఘోరం ఏంటంటే, ఆ రోజు అతను కాగితం ఏదీ రాయలేదు. పార్కింగ్‌లోనే మాట్లాడి పంపేశాడు, నేనూ థాంక్యూ చెప్పి వచ్చేశాను. అంటే రికార్డు ప్రకారం నేను ఆ రోజు అక్కడికి వెళ్లనే లేదు.

రెండోసారి పట్టుబట్టి కాగితం రాయించుకున్నాను. "సమస్య కనపడలేదు, బండి సరిగానే పనిచేస్తోంది" అని రాసిచ్చారు. కనపడదు మరి, నలభై నిమిషాలు నడిపి తీసుకెళ్లిన బండి వేడిగా ఉంటే చల్లటి బండి జబ్బు ఎలా కనపడుతుంది? ముందు రోజు సాయంత్రమే బండి అక్కడ వదిలేసి, పొద్దున్న తాళం తీయగానే టెక్నీషియన్ పక్క సీట్లో కూర్చోవాలని నాకు మూడోసారికి గానీ తెలియలేదు. అలా కూర్చున్న రోజు సందు చివర మలుపు కూడా తిరక్కముందే గుద్దింది. "ఓ, ఇదా" అన్నాడు.

మధ్యలో ఫోర్ వీల్ డ్రైవ్ కథ ఉంది. మా పొలం గ్రీన్‌విల్ వైపు. అక్కడి నేల అచ్చం మన నల్లరేగడే. ఎండాకాలం బీటలు వారుతుంది, వాన పడితే జిగురు. గుంటూరు జిల్లాలో రేగడి దున్నిన మా నాన్న వీడియో కాల్‌లో చూసి "ఇది మన మట్టేరా, చెప్పు దిగితే మళ్లీ రాదు, వాన వెలిశాక రెండు రోజులు బండి దించకు" అన్నారు. వింటేగా. మే నెలలో గట్టి వాన పడ్డ మర్నాడే దిగాను. ఇంత పెట్టి ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నది ఇందుకే కదా అని బటన్ నొక్కాను. దీపం మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. కాసేపటికి సర్వీస్ చేయించమని స్క్రీన్ మీద మెసేజ్. వెనక చక్రాలు రెండూ తిరిగి తిరిగి ఇరుసు దాకా దిగబడ్డాయి. పక్క పొలం ఆయన ట్రాక్టర్ తెచ్చి లాగాడు. అలా లాగుతున్నప్పుడు ముందు చక్రాలు ఒక్కసారిగా పట్టుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాను. తీరా రోడ్డెక్కాక టూ హైకి రానంటోంది!

ఇది ఎందుకు ప్రమాదమో ఒక్క ముక్కలో చెప్తాను. ఈ పికప్‌లలో చాలావాటికి ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. ఫోర్ హైలో ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె, ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ ఒకే వేగానికి బిగించేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనో మంచు మీదో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి కాంక్రీట్ మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి మలుపు తిరుగుతుంటే రెండోది తిన్నగా లాగినట్టు. దగ్గర్లోని గ్యాస్ స్టేషన్‌లో మలుపు తిప్పితే టైర్లు ఎగిరెగిరి పడ్డాయి. నడపడం ఆపేసి టో ట్రక్ పిలిచాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది.

రెండో తెలివైన పని మా బావమరిది చేశాడు. బురదలో నేను తంటాలు పడుతుంటే పక్కన నవ్వుతూ వీడియో తీశాడు. అందులో బటన్, మినుకుమనే దీపం, మెసేజ్, మైళ్ల రీడింగ్ అన్నీ స్పష్టంగా పడ్డాయి. సర్వీస్ వాళ్లు మొదట అన్న మాట ఏంటో తెలుసా? "పొడి రోడ్డు మీద ఫోర్ హైలో నడిపారు, ఇది మీ వాడకం తప్పు, వారంటీ రాదు." వీడియో చూపించాకే గొంతు మారింది. ట్రాన్స్‌ఫర్ కేస్ మీద గేర్ మార్చే చిన్న మోటార్ మార్చారు. నెల తిరక్కుండా మళ్లీ అదే మెసేజ్. ఈసారి ముందు ఇరుసు దగ్గర కనెక్టర్ అన్నారు. గేర్‌బాక్స్‌కి వాల్వ్ బాడీ (క్లచ్‌లకి ఆయిల్ పంపే భాగం) మార్చారు. అదీ ఊరికే కాదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో బండి మీద ఉండే పదిహేడు అక్షరాల విన్ నంబర్ కొడితే రీకాల్స్, అంటే కంపెనీ వెనక్కి పిలిచి ఊరికే బాగుచేసే లోపాలు, వస్తాయి, అది చాలామందికి తెలుసు. మోడల్ పేరుతో వెతికితే ఫలానా లోపానికి ఫలానా రిపేర్ చేయండని డీలర్లకి కంపెనీలు పంపే సర్వీస్ బులెటిన్లు కూడా దొరుకుతాయి. రీకాల్ లేకపోయినా నా బండి లక్షణాలతో బులెటిన్ ఉంది. ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టాక పని కదిలింది.

కొందరు మూడు రోజుల్లో బండి వెనక్కి ఇచ్చేయొచ్చు అంటారు. డీలర్‌షిప్‌లో కొన్న బండికి అలాంటి హక్కేమీ లేదు, ఆ ఆశ పెట్టుకోకండి. ఉన్నది లెమన్ లా. ఎన్నిసార్లు బాగుచేసినా బాగుపడని కొత్త బండిని ఇక్కడ లెమన్, అంటే నిమ్మకాయ అంటారు. అలాంటి బండి అంటగట్టిన కంపెనీ మీద ఫిర్యాదుకి ఉన్న చట్టం అది. కొన్న రోజు ఫ్రిస్కో హనుమాన్ గుడిలో పూజ చేయించి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాను. చివరికి నిమ్మకాయ చట్టమే దిక్కయింది!

టెక్సస్‌లో ఫిర్యాదు మోటార్ వాహనాల శాఖకి చేయాలి, ఫీజు 35 డాలర్లు. అదే లోపానికి నాలుగుసార్లు రిపేర్‌కి ఇచ్చినా పోకపోవాలి, ప్రాణాపాయం ఉన్న లోపమైతే రెండుసార్లు చాలు. లేదా మొదటి 24 నెలలు, 24,000 మైళ్లలోపు మొత్తం 30 రోజులు బండి రిపేర్‌లో ఉండాలి. కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి బాగుచేసే అవకాశం కూడా ఇవ్వాలి. డీలర్‌కి చెప్పాం కదా అంటే చెల్లదు. నేను సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను.

ఇక్కడే నా లెక్క తప్పింది. గేర్‌బాక్స్ కోసం నాలుగుసార్లు వెళ్లాను, మొదటిసారి కాగితం లేదు కాబట్టి మూడే లెక్క. ఫోర్ వీల్ డ్రైవ్‌కి మూడుసార్లు. పోనీ రోజులైనా 43 ఉన్నాయి కదా అంటే, అందులో 14 రోజులు డీలర్ నాకు అలాంటి పికప్పే లోనర్‌గా, అంటే రిపేర్ అయ్యేదాకా వాడుకోమని, ఇచ్చాడు. మన బండికి సమానమైన బండి ఇచ్చిన రోజులు ఆ 30లో కలవవు. మిగిలింది 29.

కాబట్టి రిపేర్ ఆర్డర్, అంటే బండి రిపేర్‌కి తీసుకున్నట్టు డీలర్ రాసిచ్చే కాగితం, లేకుండా డీలర్ గేటు దాటకండి. ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, రెండు రోజుల మైళ్లు, మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే అందులో ఉండాలి. ప్రతిసారీ ఒకే మాటల్లో చెప్పండి. ఒకసారి "కుదుపు", ఇంకోసారి "చప్పుడు" అంటే రెండు వేర్వేరు లోపాలని వాదించడానికి దారి ఇచ్చినట్టే.

బండి మొన్న శుక్రవారం ఇంటికొచ్చింది. ఈ పొద్దున్న తీస్తే మూడు నుంచి నాలుగుకి మళ్లీ అదే గుద్దు. రేపు సాయంత్రం తీసుకెళ్లి అక్కడే వదిలేస్తున్నాను. లోనర్ సిద్ధంగా ఉందని ఫోన్ చేశారు, వద్దన్నాను. ఈ వారం మేకల దాణా మా ఆవిడ మినీ వ్యాన్‌లో వెళ్తుంది. తనింకా ఒప్పుకోలేదు.