సర్పంచ్ గడువు తీరింది, ఎన్నికలు రాలేదు: ప్రత్యేకాధికారి మేలా, పాత సర్పంచే మేలా?

2024 ఫిబ్రవరి 1తో తెలంగాణలో సర్పంచుల ఐదేళ్ల గడువు ముగిసింది. మళ్లీ ఓట్లు పడింది 2025 డిసెంబర్‌లో. మధ్యలో ఇరవై రెండు నెలలకు పైగా పన్నెండు వేలకు మించిన పంచాయతీల్లో ఎన్నికైన పాలకవర్గం లేదు. ఇది కొత్త కాదు. 2011లో గడువు తీరితే 2013లో ఎన్నికలు పెట్టారు. 2018లోనూ పాలకవర్గం బదులు ప్రభుత్వం పంపిన ఉద్యోగులు, అంటే ప్రత్యేకాధికారులే వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2018 ఆగస్టులో సర్పంచులు దిగిపోతే, పోలింగ్ 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు.

ఇన్నిసార్లు జరుగుతున్నప్పుడు, ఆ ఖాళీ సమయంలో ఊరిని ఎవరి చేతిలో పెట్టాలన్నది గట్టిగా ఆలోచించాల్సిన విషయం. మన రెండు రాష్ట్రాలూ ప్రత్యేకాధికారి పద్ధతిని పట్టుకున్నాయి. తహసీల్దారో, ఎంపీడీఓనో, వ్యవసాయాధికారో, ఏఈనో వచ్చి కూర్చుంటారు. జార్ఖండ్, మధ్యప్రదేశ్ వేరే దారి పట్టాయి. అక్కడ కమిటీలు వేసి, దిగిపోయిన గ్రామ పెద్దలనే వాటికి అధ్యక్షులను చేశారు. 2025 జనవరిలో రాజస్థాన్ కూడా గడువు తీరిన వేలాది పంచాయతీల్లో పాత సర్పంచులనే పాలకులుగా నియమించింది.

ఊరి మనిషిగా చూస్తే మొదట పాత సర్పంచ్ వైపే మొగ్గు చూపుతాం. బోరు మోటారు కాలిపోతే రాత్రి పదింటికైనా ఆయన తలుపు కొట్టొచ్చు. ఏ వాడలో పైపు పగిలింది, ఏ వీధిలో లైటు వెలగడం లేదు అన్నది ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రత్యేకాధికారికి తన ఆఫీసు పనే తలకు మించి ఉంటుంది. పైగా చాలాచోట్ల ఒక్కరికే రెండు మూడు ఊళ్లు అప్పగిస్తారు. ఆయన వారానికోసారి వస్తే గొప్ప. చివరికి బరువంతా పంచాయతీ కార్యదర్శి మీద పడుతుంది. ట్రాక్టర్ డీజిల్‌కు, బ్లీచింగ్ పౌడర్‌కు సొంత జేబులోంచి పెట్టుకున్నామని తెలంగాణలో కార్యదర్శులు మొత్తుకున్నారు. ఆ బాధ నిజమైనది. ఈ ఒక్క లెక్కలో పాత సర్పంచే మేలు, ఇందులో వాదన లేదు.

కానీ పంచాయతీ అంటే మోటారు రిపేరు ఒక్కటే కాదు. ఊరి డబ్బు మీద సంతకం పెట్టే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు సంగతి. రాజ్యాంగంలోని 243ఈ అధికరణం పంచాయతీకి మొదటి సమావేశం నుంచి ఐదేళ్లే గడువు ఇచ్చింది, అంతకు మించి వద్దని కూడా చెప్పింది. ఆ ఐదేళ్లు నిండేలోపే ఎన్నిక పూర్తి కావాలంది. పొడిగింపు అవసరమనుకున్న చోట రాజ్యాంగమే ఆ వీలు రాసి పెట్టింది. అత్యవసర పరిస్థితిలో లోక్‌సభ గడువును ఒక్కోసారి ఏడాదికి మించకుండా పార్లమెంటు పెంచుకోవచ్చు. 1976లో అలా పెంచుకున్నారు కూడా. పంచాయతీకి అలాంటి వెసులుబాటు ఇవ్వలేదు. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణకు ముందు ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టకుండా నెట్టుకొచ్చిన అనుభవం చూశాకే ఆ గీత అంత గట్టిగా గీశారు. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు మున్సిపాలిటీల విషయంలో ఇదే చెప్పింది. ప్రకృతి వైపరీత్యం లాంటి నిజమైన అడ్డంకి ఉంటే తప్ప సాకులతో ఎన్నిక ఆపకూడదంది.

ఇలా చూస్తే ప్రత్యేకాధికారికీ ఊరివాళ్లు ఓటు వేయలేదు కదా అంటారు. నిజమే. అయితే ఆయన తనకు ప్రజల మద్దతు ఉందని చెప్పుకోడు. జీతం తీసుకునే ఉద్యోగి, ప్రభుత్వం పంపితే వచ్చాడు, అది అందరికీ తెలుసు. పాత సర్పంచ్ సంగతి అలా కాదు. గడువు తీరినా అదే కుర్చీ, అదే చెక్‌బుక్కు, అదే పిలుపు. జనం ఇచ్చిన అధికారం అయిపోయిందన్న సంగతి ఊరికి కనబడకుండా పోతుంది. నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే.

బిల్లుల గొడవ ఇంకొకటి ఉంది. తెలంగాణలో ఎంతోమంది సర్పంచులు అప్పులు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక రోడ్డెక్కారు. వాళ్ల పట్ల నాకు సానుభూతి ఉంది, ఆ డబ్బు వాళ్లకు అందాల్సిందే. కానీ తనకు రావాల్సిన బిల్లుకు తానే చెక్కు రాసుకునే స్థానంలో, ఎన్నిక లేకుండా, ఎవరినీ కూర్చోబెట్టకూడదు. మంచివాళ్లను కూడా అలా పెట్టకూడదు.

రిజర్వేషన్ మాట కూడా చెప్పుకోవాలి. వచ్చేసారి సర్పంచ్ పదవి ఎస్టీ మహిళకో బీసీకో దక్కాల్సిన ఊళ్లో పాత సర్పంచ్‌నే కొనసాగిస్తే, ఆమె కాలాన్ని తీసి ఆయన చేతిలో పెట్టినట్టే. ప్రత్యేకాధికారి ఉన్నా ఆమె నష్టపోతుంది, కానీ ఆ కాలం ఆమె పోటీదారుకు వెళ్లదు.

మరి ఎన్నికలు ఏ పద్ధతిలో తొందరగా వస్తాయి? జార్ఖండ్‌లో కమిటీల గడువు పెంచుకుంటూ పోయి 2022 మే దాకా లాగారు. మధ్యప్రదేశ్‌లో రెండేళ్లు దాటింది. మన దగ్గరా అంతే లాగారు. కాబట్టి ఏ పద్ధతీ దానంతట అది ఎన్నికలు తేలేదు. తేడా ఒక్కచోట ఉంది. 2025 జూన్‌లో మూడు నెలల్లో ఎన్నికలు పెట్టమని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది, పాత సర్పంచులు వేసిన పిటిషన్ల మీదే. పదవి పోయినవాళ్లే కోర్టు మెట్లెక్కారు. అదే కుర్చీలో కూర్చునే ఉంటే వాళ్లకు ఆ తొందర ఉండేదా? అనుమానమే. ఆ తర్వాత కూడా బీసీ రిజర్వేషన్ల వివాదంతో డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది, కానీ ఒత్తిడి అక్కడే మొదలైంది. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయి. ప్రత్యేకాధికారి ఉన్నప్పుడు ఆ నష్టం ప్రభుత్వానిదేనని ఊరు వేలెత్తి చూపగలదు.

అందుకే నా ఓటు ప్రత్యేకాధికారికే. ఇప్పుడున్న తీరులో మాత్రం కాదు. ఒక అధికారికి ఒకే ఊరు ఇవ్వాలి, అంతమంది లేకపోతే రెండు దాటకూడదు. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, జీతాలు తప్ప కొత్త పనులు మొదలుపెట్టే అధికారం ఆయనకు ఉండకూడదు. పాత సర్పంచునూ వార్డు సభ్యులనూ సంతకం హక్కు లేని సలహా కమిటీగా పెట్టుకుంటే మోటారు కాలిన రాత్రి ఎవరి తలుపు కొట్టాలో ఊరికి తెలుస్తుంది. వాళ్ల పాత బిల్లుల్ని మండలం వెలుపలి అధికారి తనిఖీ చేసి చెల్లించాలి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపమంది. ప్రత్యేకాధికారి ఉన్నంతకాలం ఆ సభలో ఖర్చుల లెక్క చదివి వినిపించాకే తర్వాతి చెక్కు కదలాలి. ఆరు నెలలు దాటితే, ఎన్నిక ఎందుకు పెట్టలేదో రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకు తనంతట తానే రాసి ఇవ్వాలి, ఎవరో పిటిషన్ వేసేదాకా ఆగకూడదు.