ఇంటికొచ్చి యూరిన్ శాంపిల్ తీసుకెళ్లే ప్యాకేజీలతో జాగ్రత్త

మే నెలలో అమ్మకి (62 ఏళ్లు, షుగర్ ఉంది) 1,499 రూపాయల ఫుల్ బాడీ ప్యాకేజీ బుక్ చేశాను. విజయవాడ ఎండల సంగతి తెలిసిందే. పొద్దున్నే ఒకబ్బాయి వచ్చి రక్తం తీసుకుని, యూరిన్ డబ్బా బ్యాగులో పడేసుకుని బండెక్కి వెళ్లిపోయాడు. ఐస్ ప్యాక్ ఏదని అడగాలని అప్పటికి నాకు తెలీదు.

రాత్రికి రిపోర్టు వచ్చింది. నైట్రైట్ పాజిటివ్, బాక్టీరియా ప్లెంటీ, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 8.5, అంటే చూడగానే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందనిపించేలా ఉంది. అమ్మకి మంట లేదు, జ్వరం లేదు, అయినా భయపడిపోయి, ప్యాకేజీలో ఇచ్చే ఫోన్ డాక్టర్ రాసిన యాంటీబయోటిక్ మొదలుపెట్టాం. మూడో రోజుకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, మనిషి లేవలేకపోయింది.

మా డాక్టరుగారు రిపోర్టు చూసి ముందు అడిగింది ఒకటే, శాంపిల్ ల్యాబ్‌కి ఎన్నింటికి చేరిందని. చూస్తే అందులోనే ఉంది: తీసుకున్నది ఉదయం 7:10, చేరింది సాయంత్రం 4:35! మూత్రాన్ని రెండు గంటల్లోపు పరీక్షించాలట, కుదరకపోతే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పెట్టాలి. బయట వేడికి వదిలేస్తే చర్మం మీంచి పడిన కాసిని బాక్టీరియా కూడా బోలెడు పెరిగి, నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి, యూరియా అమ్మోనియాగా మారి పీహెచ్ పెరుగుతుంది. పైగా పస్ సెల్స్ (ఇన్ఫెక్షన్ ఉంటే కనిపించే తెల్ల కణాలు), ఎర్ర కణాలు పగిలిపోతాయి, గ్లూకోజ్ తగ్గుతుంది, అంటే నిజంగా జబ్బున్నవాళ్లకి కనపడకుండా పోయే ప్రమాదమూ ఉంది. "దీన్ని బట్టి ఇన్ఫెక్షన్ ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను, టాబ్లెట్లు వేసేశారు కాబట్టి ఇప్పుడు కల్చర్ (మూత్రంలో ఏ బాక్టీరియా పెరుగుతుందో చూసే పరీక్ష) చేయించినా నమ్మలేం" అన్నారు. నాకు అన్నిటికన్నా బాధేసింది ఆ మాటకే. మందులు ఆపి, పది రోజుల తర్వాత ల్యాబ్‌లోనే శాంపిల్ ఇస్తే అంతా నార్మల్.

దయచేసి రిపోర్టులో ఆ రెండు టైములూ చూడకుండా ఒక్క టాబ్లెట్ కూడా వేయకండి. వీలైతే ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి, శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. ఇన్ఫెక్షన్ అంటే మందు మొదలుపెట్టకముందే కల్చర్ కావాలా అని డాక్టర్ని అడగండి.

కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఉచితంగా మళ్లీ చేస్తామన్నారు, అదే అబ్బాయిని అదే బ్యాగుతో పంపిస్తారట. వద్దన్నాను, డబ్బులు అడిగాను, ఇంకా రాలేదు.